తాతయ్య రంగం పెట్టెలో దొరికిన ఫొటో

శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక పల్లెలో పుట్టి, ఇప్పుడు విశాఖపట్నంలో టీచరుగా పనిచేస్తున్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. వయసు 49. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఉత్తరం చాలా పొడవుగా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను.

ఆమె తండ్రికి వచ్చే ఏడాది 80 ఏళ్లు నిండుతాయి. ఆ రోజు బంధువులందరికీ పంచడానికి వంశవృక్షం, పెద్దల కథలు కలిపి ఒక చిన్న పుస్తకం వేయాలని ఇంట్లో అనుకున్నారు. రాసే పని ఈమె మీద పడింది. ఆ కథల్లో ముఖ్యుడు తాతయ్య. కుర్రతనంలోనే కళింగపట్నంలో ఓడెక్కి రంగం (బర్మా, అంటే ఇప్పటి మయన్మార్‌లోని రంగూన్) వెళ్లి, రేవులో మూటలు మోసి, తర్వాత మేస్త్రీ అయ్యాడు. మధ్యలో ఊరొచ్చి నాయనమ్మను పెళ్లి చేసుకుని, ఆమెను ఇక్కడే ఉంచి మళ్లీ వెళ్లాడు. యుద్ధం రోజుల్లో "ఆరు నెలలు నడిచి" ఇల్లు చేరాడు. యుద్ధం ముగిశాక మళ్లీ రంగం వెళ్లి, 1964లో అక్కడి ప్రభుత్వం మనవాళ్లను సాగనంపినప్పుడు ఒక్క ట్రంకు పెట్టెతో తిరిగొచ్చాడు. 1971లో పోయాడు.

పుస్తకం కోసం ఆ పెట్టె తెరిచారు. కొన్ని కాగితాలు, మనియార్డరు రసీదులు, ఒక చిన్న గుర్తింపు పుస్తకం, బర్మా డబ్బు వంద క్యాట్ నోట్లు నాలుగైదు ఉన్నాయి. అడుగున నాయనమ్మ చీర ఒకటి, దాని మడతలో ఒక స్టూడియో ఫొటో. కుర్చీలో తాతయ్య. పక్కన కొప్పులో పూలు పెట్టుకున్న బర్మా ఆవిడ. ముందు ఇద్దరు పిల్లలు. ఫొటో వెనక బర్మా లిపిలో రెండు వరుసలు, స్టూడియో ముద్ర, 1956 అని సంవత్సరం.

తండ్రి ఫొటో చూసి, "పెట్టెలో పెట్టి మూసెయ్. మా అమ్మ ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. నా పుట్టినరోజు పూట ఊరందరికీ చెప్పాలా ఇది?" అన్నారు. ఊళ్లో ఉన్న మేనత్తకు 87 ఏళ్లు. ఆవిడేమో, "నాను పోయేలోగా అంతా సెప్పేస్తాను, రాసుకో. తమ్ముడికి మాత్రం సెప్పకు" అంటున్నారు. తాతయ్య తిరిగొచ్చాక కూడా రంగం నుంచి ఉత్తరాలు వచ్చేవని, ఆయన పోయాక నాయనమ్మ వాటన్నిటినీ పొయ్యిలో పెట్టిందని, అది తాను కళ్లారా చూశానని చెప్పారు. చెప్పి చెప్పి చివరికి, "ఆ గుంటలు (పిల్లలు) ఏటైపోనారో" అని కళ్లు తుడుచుకున్నారు. ఉత్తరం రాసినావిడకు ఒక తమ్ముడు. అమెరికాలో ఉన్న అతని కొడుకు డీఎన్ఏ పరీక్ష చేయించుకుని వెతుకుతానంటున్నాడు. తమ్ముడు మాత్రం ఆస్తి గొడవలొస్తాయి, వదిలెయ్ అంటున్నాడు.

"దాస్తే పుస్తకం అబద్ధమవుతుంది. రాస్తే నాన్న మనసు విరుగుతుంది. ఏం చేయమంటారు?" అన్నది ఆమె ప్రశ్న.

మీ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదివాను. మీరు ఒకటే ప్రశ్న అడిగాననుకుంటున్నారు గానీ అందులో నాలుగున్నాయి. మేనత్త చెప్పేది వినాలా? విన్నది ఎలా దాచాలి? బర్మాలో ఉన్నవాళ్లను వెతకాలా? పుస్తకంలో ఏం వేయాలి? ఈ నాలుగూ ఒకే రోజు, ఒకే నిర్ణయంతో తేలిపోవాలని మీరు అనుకోవడం వల్లే ఇంత టెన్షన్. మీ నాన్నగారు వద్దంటున్నది నాలుగో దాన్ని. మేనత్త కోరుతున్నది మొదటి దాన్ని. వాళ్లిద్దరి మధ్య మీరు అనుకున్నంత తగువు లేదు.

వీటిలో తొందర ఉన్నది ఒక్క దానికే. పుస్తకం వచ్చే ఏడాది కాకపోతే ఆ పై ఏడాది వేసుకోవచ్చు. 87 ఏళ్ల మనిషిని మాత్రం ఆ పై ఏడాదికి ఆగమని అనలేం. కాబట్టి ముందు ఊరెళ్లి ఆవిడ పక్కన కూర్చోండి. వినడానికి మీ నాన్నగారి అనుమతి అక్కర్లేదు. అది ఆవిడ చూసిన బతుకు, ఆవిడ చెప్పుకునే కథ. "తమ్ముడికి సెప్పకు" అన్న షరతు మాత్రం ఉన్నదున్నట్టు ఒప్పుకోకండి. "నేనుగా వెళ్లి చెప్పను అత్తా, కానీ నాన్న సూటిగా అడిగితే అబద్ధం ఆడలేను" అని ముందే చెప్పేయండి. అప్పుడు ఆవిడ కొంత తగ్గించి చెబితే చెప్పనివ్వండి. మీ ఇద్దరికీ తర్వాత ఇబ్బంది ఉండదు.

ఎలా అడగాలి అన్నది కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే చాలామంది ఇక్కడే పాడుచేసుకుంటారు. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి, "అత్తా, తాతయ్య రెండో పెళ్లి గురించి చెప్పు" అని మొదలుపెడితే ఆవిడ గతుక్కుమని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ముందు ఆవిడ సొంత చిన్నతనం అడగండి. ఇల్లు ఎటు తిరిగి ఉండేది, నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు, మనియార్డరు వచ్చిన రోజు ఇంట్లో ఏం వండేవారు, పోస్టుమాన్ తెచ్చిన ఉత్తరం ఎవరు చదివి పెట్టేవారు అని అడగండి. రంగం నుంచి తాతయ్య తెచ్చిన వస్తువులేమిటో అడగండి. వస్తువు దగ్గర మొదలైన మాట మనుషుల దాకా దానంతటదే వెళుతుంది. ఫొటో మీరు చూపించకండి. ఆవిడే అడిగినప్పుడు తీసి చేతికివ్వండి. మధ్యలో ఆవిడ ఊరుకుంటే మీరూ ఊరుకోండి. గంట దాటితే ఆపేసి మర్నాడు కూర్చోండి.

సంవత్సరాలు అడగొద్దు. 1942 అని ఎవరికి గుర్తుంటుంది? పండగ, పంట, వాన అడగండి. మీ ప్రాంతం పెద్దవాళ్లకు ఒక మంచి గుర్తుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. తాతయ్య ఇల్లు చేరింది బాంబులు పడకముందా, పడ్డాకా? అప్పటికి మేనత్తకు మూడేళ్లే ఉంటాయి కాబట్టి "మీ అమ్మ ఏమనేది?" అని అడగండి. రంగూన్ మీద మొదటి బాంబులు 1941 డిసెంబరు 23న పడ్డాయి. ఆ మర్నాటి నుంచే మనవాళ్లు వేలకు వేలు నగరం వదిలి నడక పట్టారు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతిలోకి పోయింది. పడమటి దారిన ప్రోమ్ మీదుగా తాంగుప్ కనుమ దాటి, ఆరకాన్ తీరం పట్టి చిట్టగాంగ్ చేరినవాళ్లు ఉన్నారు. ఉత్తరం దారిన తాము అనే ఊరి మీదుగా మణిపూర్ చేరి, అక్కడి నుంచి దీమాపూర్ వచ్చి రైలెక్కినవాళ్లు ఉన్నారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది చనిపోయారు. మేనత్త నోట "చిట్టగాంగు" అన్న మాట వచ్చిందా, "మణిపూరు" అన్న మాట వచ్చిందా గమనించండి. వానల్లో తడిసి ముద్దయి వచ్చాడు అన్నారంటే మే నెల దాటాక చేరాడని అర్థం.

ఇందులోనే ఇంకో మాట. "ఆరు నెలలు నడిచి ఇల్లు చేరాడు" అని మీ ఇంట్లో చెప్పుకుంటారు. బహుశా అందులో కొంత నడక, కొంత రైలు, కొంత ఏదో శిబిరంలో జ్వరంతో పడి ఉన్న కాలం ఉంటాయి. ఇంట్లో చెప్పుకునే మాటను దిద్దకండి. "మా ఇంట్లో ఇలా చెప్పుకుంటాం" అని రాసి, దాని పక్కనే మీకు తెలిసిన చరిత్ర రాయండి. మేనత్త చెప్పేదాన్ని కూడా అలాగే "మేనత్త చెప్పిన ప్రకారం" అనే రాయండి. అరవై డెబ్బై ఏళ్ల కిందటి జ్ఞాపకం అది. ఆవిడ నిజాయితీని శంకించనక్కర్లేదు, అలాగని ప్రతి వివరాన్నీ రుజువైన విషయంగా అచ్చు వేయనక్కర్లేదు.

ఇక దాచడం. ఊరు వెళ్లేముందే ఫొటోను రెండు వైపులా స్కాన్ చేయించండి. వెనక వైపు మరిచిపోయేవాళ్లే ఎక్కువ, మీ విషయంలో అసలు సంగతి అక్కడే ఉంది. లామినేషన్ చేయించకండి, చిరిగిన చోట సెల్లో టేప్ అంటించకండి, బాల్ పెన్నుతో వెనక పేర్లు రాయకండి. రికార్డింగు మొదట్లో తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారో మీ గొంతుతో చెప్పండి. "అత్తా, ఇది ఎవరెవరు వినొచ్చు?" అని అడిగి ఆవిడ జవాబు కూడా రికార్డు చేయండి. రేపు ఎవరైనా నిలదీస్తే మీకు అండ ఆ జవాబే. ఆ ఫైలు మీ ఫోన్లో ఒక్క చోటే ఉంచకండి. ఒక కాపీ హార్డ్ డిస్కులో, ఇంకొకటి ఇంటి బయట మీకు నమ్మకమైన మనిషి దగ్గర ఉండాలి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క కూడా పెట్టొద్దు.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. ఆయన పరువుకు భయపడుతున్నారని మీరు రాశారు. ఆయన అన్న మాట మీ ఉత్తరంలోనే మళ్లీ చదవండి. "మా అమ్మ ఎంత ఏడ్చిందో నాకు తెలుసు" అన్నారు. అందులో నాకు పరువు కన్నా ఎక్కువగా వాళ్లమ్మే వినిపించింది. తండ్రి రంగంలో ఉన్నంతకాలం పిల్లలను పెంచి, పొలం చూసుకుని, మనియార్డరు రాని నెలల్లో నెట్టుకొచ్చింది ఆవిడ. మీరు అనుకుంటున్న పుస్తకంలో తాతయ్య ఓడెక్కాడు, తాతయ్య నడిచొచ్చాడు, తాతయ్య భూమి కొన్నాడు. నాయనమ్మ ఎక్కడుంది? ఇప్పుడు ఆ పుస్తకంలోకి బర్మా ఆవిడ ఫొటోతో సహా వస్తుందంటే, వాళ్లమ్మ రెండోసారి వెనక్కి పోతుందని ఆ కొడుక్కి అనిపించదా?

మీ బాబాయి గీసిన ఏడు తరాల వంశవృక్షం గురించి కూడా రాశారు. అందులో అన్నీ మగవాళ్ల పేర్లే అని మీరే అన్నారు. నాయనమ్మ పుట్టింటి పేరు, పుట్టిన ఊరు మీకు తెలియవన్నారు. మనలో ఇది కొత్త కాదు. పద్మశాలీలకు సాధనాశూరులు, మాదిగలకు డక్కలివాళ్లు, ఇంకా కొన్ని కులాలకు పిచ్చుకుంట్లవాళ్లు వంశాలు, గోత్రాలు చెప్పుకుంటూ వచ్చారు. ఆ వరుసల్లో కూడా తండ్రి నుంచి కొడుక్కి నడిచే పేర్లే ఎక్కువ. రంగంలో ఉండిపోయిన ఆవిడ పేరు తెలియదని మీరు ఇంత మథనపడుతున్నారు, మంచిదే. దానికన్నా ముందు మీ ఇంట్లో బతికిన ఆవిడ పుట్టిల్లు ఏదో కనుక్కోండి. నాన్నగారి దగ్గరికి ఆ పని మీదే వెళ్లండి. ఫొటో ఊసెత్తకుండా, "నాన్నా, పుస్తకంలో నాయనమ్మ గురించి పెద్ద భాగం రాస్తాను, చెప్పు" అనండి. ఏం చెబుతారో చూడండి. ఆ ఏడుపు ఎందుకో ఆయనే చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. చెప్పకపోయినా ఆ భాగం పుస్తకానికి అవసరమే.

మీరు రాసిన ఒక వివరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పెట్టె తాతయ్యది. చీర నాయనమ్మది. అంటే ఆయన పోయాక ఆ ఫొటో ఆవిడ చేతికి వచ్చి ఉండాలి. ఉత్తరాలు పొయ్యిలో పెట్టిన మనిషి ఫొటోను మాత్రం తన చీర మడతలో పెట్టింది. ఎందుకో మనకు తెలియదు, మీరూ ఊహించి రాయొద్దు. ఆ ఇద్దరు పిల్లల మొహాలు చూసి కాల్చలేకపోయిందా, మరిచిపోయిందా, ఇంకేమైనా ఉందా అన్నది మేనత్తకు తెలిసి ఉండొచ్చు. అడగండి. మీ నాన్నగారికి కూడా ఈ సంగతి ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సి వస్తుంది. ఎవరూ లేనప్పుడు, నెమ్మదిగా చెప్పండి.

పుస్తకం విషయంలో మీ ముందు కొన్ని దారులున్నాయి. మొత్తం వదిలేయొచ్చు. పుట్టినరోజు ప్రశాంతంగా గడుస్తుంది. చెప్పకుండా ఉండటం వేరు, అబద్ధం రాయడం వేరు కాబట్టి "ఆయన జీవితాంతం ఒంటరిగా రంగంలో కష్టపడ్డారు" లాంటి వాక్యాలు మాత్రం రాయకండి. రేపు మీ పిల్లల్లో ఎవరికో ఆ ఫొటో దొరికితే, ఆ ఒక్క వాక్యం వల్ల మిగిలిన పుస్తకాన్ని కూడా నమ్మరు. లేదా ఫొటోతో సహా మొత్తం వేయొచ్చు. నిజం చెప్పామన్న తృప్తి మీకుంటుంది. కానీ పంచిన పుస్తకాన్ని ఇంటింటికీ తిరిగి వెనక్కి తెచ్చుకోలేరు. భోజనాల దగ్గర నలుగురూ ఏం మాట్లాడుకుంటారో మీకు తెలుసు, మధ్యలో కుర్చీలో కూర్చుని ఉండేది మీ నాన్నగారు. 80 ఏళ్ల మనిషికి ఆ పూట ఆ బాధ పెట్టడం నాకు సమ్మతం కాదు.

మూడో దారి ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టడం. "రంగూన్‌లో ఉన్న కాలంలో ఆయనకు అక్కడ కూడా ఒక కుటుంబం ఉండేది. వారి వివరాలు ఇంకా తెలియలేదు." ఇంతే. ఇది నాన్నగారు చదివి సరే అంటేనే. ఆయన ఒప్పుకుంటే ఇదే అన్నిటికన్నా గౌరవంగా ఉంటుంది. ఒప్పుకోకపోతే పుస్తకాన్ని రెండుగా విడదీయండి. పుట్టినరోజుకు వంశవృక్షం, నాయనమ్మ భాగం, తాతయ్య రంగం ప్రయాణం, పాత ఫొటోలు. మేనత్త చెప్పిన కథ, ఆ ఫొటో, కాగితాల నకళ్లు కలిపి విడిగా ఒక కవరు. కవరు మీద ఎవరు, ఎప్పుడు తెరవొచ్చో రాసి, మీ తర్వాతి తరంలో ఒకరికి అప్పజెప్పండి. నా మనసు ఈ దారి వైపే మొగ్గుతోంది. ఇందులోనూ నష్టం లేకపోలేదు. ఆ కవరు బరువు మీరు ఒక్కరే మోయాలి. ఇంట్లో ఎవరికైనా దాని సంగతి తెలిస్తే "అందులో ఏముంది?" అన్న గుసగుసలు మొదలవుతాయి. అందుకే మీ తమ్ముడికి మాత్రం ముందే చెప్పి ఉంచండి.

పరువు గురించి ఒక్క మాట. మద్రాసు రాష్ట్రంలో హిందువులకు రెండో పెళ్లిని నిషేధించే చట్టం 1949లో వచ్చింది. దేశమంతటికీ వర్తించే హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. అంతకుముందు ఇద్దరు భార్యలుండటం నేరం కాదు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులున్నారు, రంగూన్ నగరంలో సగానికి పైగా మనవాళ్లే. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు. ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయి, అక్కడి అమ్మాయిలతో కాపురం పెట్టినవాళ్లు ఎంతమందో. బర్మా బౌద్ధ స్త్రీలు పరమతస్థులను చేసుకుంటే వాళ్ల హక్కులేమిటో చెప్పడానికి 1939లో అక్కడ ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. మీ తాతయ్య చేసింది ఒప్పో తప్పో తేల్చడానికి ఇది చెప్పడం లేదు, నాయనమ్మ పడ్డ బాధ బాధే. మీ కుటుంబం ఒక్కటే తలదించుకోవాల్సిన విషయం కాదని చెప్పడానికి.

కాగితాల వెతుకులాటకు వస్తాను. దక్షిణాఫ్రికా, ఫిజీ, మారిషస్ వెళ్లిన తెలుగువాళ్ల వారసులకు ఒక అదృష్టం ఉంది. వాళ్ల పెద్దలు ఒప్పందపు కూలీలుగా వెళ్లారు కాబట్టి ఓడ జాబితాలు, పాసులు మిగిలాయి. 1860 నుంచి 1911 దాకా నేటాల్ వెళ్లినవాళ్ల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు కూడా ఉంటాయి. రంగం వెళ్లినవాళ్లకు అలాంటివి లేవు. 1937 ఏప్రిల్ దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి అది పరదేశ ప్రయాణం కింద లెక్క కాదు. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తే టికెట్ కొనుక్కుని ఓడెక్కడమే. కాబట్టి కళింగపట్నం ఓడ జాబితాలో తాతయ్య పేరు వెతుకుతూ కాలం పోగొట్టుకోకండి. మన జనాభా లెక్కల్లో కూడా ఒక్కొక్కరి వివరాలు బయటివాళ్లకు చూపించరు.

మీకు పనికొచ్చేవి మీ పెట్టెలోనే ఉన్నాయి. స్వతంత్ర బర్మాలో విదేశీయులుగా నమోదైన మనవాళ్లకు ఒక రిజిస్ట్రేషన్ పుస్తకం ఇచ్చేవారు. మీరు చెప్పిన "గుర్తింపు పుస్తకం" అదే అయి ఉండొచ్చు. అందులో రంగూన్ చిరునామా ఉందేమో ప్రతి పేజీ చూడండి. మనియార్డరు రసీదుల మీద తపాలా ముద్రలు చదివి తేదీల వరుసలో పెట్టండి. డబ్బు ఏ నెలల్లో వచ్చింది, ఏ ఏళ్లలో ఆగింది అన్నది చూస్తే ఆయన అక్కడి బతుకు కొంత అర్థమవుతుంది. ఆ వంద క్యాట్ నోట్ల సంగతీ చెబుతాను. 1964 మే నెలలో నే విన్ సైనిక ప్రభుత్వం యాభై, వంద క్యాట్ నోట్లను రద్దు చేసింది. అంటే మీ తాతయ్య జాగ్రత్తగా దాచి తెచ్చిన ఆ నోట్లు అప్పటికే చెల్లని కాగితాలో, కాబోతున్నవో. అంగళ్లు, వ్యాపారాలు జాతీయం చేసి, సంపాదించినదంతా అక్కడే వదిలి రమ్మన్న కాలం అది. ఆ హడావిడిలో విడిపోయిన కుటుంబాలు మీదొక్కటే కాదు.

ఫొటో వెనక రాసినది చదివించడం తేలిక. విశాఖపట్నంలోనే కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది కదా, అక్కడి పెద్దవాళ్లలో బర్మా లిపి చదవగలిగినవాళ్లు ఇంకా ఉండొచ్చు. చేతిరాతను ఫోన్ యాప్‌లు సరిగా చదవవు, మనిషికే చూపించండి. ఫొటో మొత్తం చూపించనక్కర్లేదు, వెనక వైపు కాపీ చాలు. బర్మా నుంచి వచ్చినవాళ్లకు ప్రభుత్వం అప్పులు, ఇళ్ల స్థలాలు ఇచ్చింది. తాతయ్యకు అలాంటిదేదైనా అందిందేమో మేనత్తను అడగండి, అందితే కలెక్టరేటులో కాగితం ఉండే ఆశ ఉంది. రంగం డబ్బుతో కొన్న భూమి దస్తావేజుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. కొన్న ఏడాది, హద్దులు, సాక్షుల పేర్లు దొరుకుతాయి. మీ వైపు చాలా ఊళ్లు జమీందారీలవి కాబట్టి, 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక తయారైన ఫెయిర్ అడంగల్ (ఏ భూమి ఎవరిదో చెప్పే రిజిస్టరు) తహసీల్దారు ఆఫీసులో అడిగి చూడండి. నాయనమ్మ పుట్టింటి ఊరు తెలిశాక ఆ ఊరి అడంగల్ కూడా చూడండి, ఆవిడ తండ్రి పేరు అందులో ఉండే అవకాశముంది.

డీఎన్ఏ పరీక్ష గురించి మీ మేనల్లుడికి నా మాటగా ఇది చెప్పండి. అతను తాతయ్యకు మునిమనవడు. ఆ ఫొటోలోని పిల్లల మనవలకూ అతనికీ రక్తం కలిసేది ఒకటిన్నర శాతం దగ్గర. అసలు వాళ్లలో ఎవరైనా అదే కంపెనీలో పరీక్ష చేయించుకుని ఉంటేనే ఆ మాత్రమైనా బయటపడుతుంది. మయన్మార్‌లో ఉన్నవాళ్లు చేయించుకుని ఉండటం అరుదు. ఏమీ రాకపోతే వాళ్లు లేరని అనుకోకూడదు. ఇంకో సంగతి. అతను ఇచ్చేది తన ఒక్కడి ఉమ్మి అనుకుంటున్నాడు గానీ అందులో మీ నాన్నగారిదీ, మీదీ కొంత ఉంది. ఇలాంటి పరీక్షలు చేసే పేరున్న ఒక అమెరికా కంపెనీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు బయటకు పోయాయి. అదే కంపెనీ 2025లో దివాలా పిటిషన్ వేసింది. అతను పెద్దవాడు, చేయించుకుంటానంటే ఆపలేరు. ఫలితం ఏదొచ్చినా ముందు మీకు చెప్పాలని, వాళ్ల తాతగారికి, అంటే మీ నాన్నగారికి, ఫోన్ చేసి తానే చెప్పకూడదని మాట తీసుకోండి.

మయన్మార్‌లో నేరుగా వెతకడం కష్టం. అక్కడ ఇంటిపేర్లుండవు, తండ్రి పేరుకూ కొడుకు పేరుకూ పోలికే ఉండకపోవచ్చు. 2021 సైనిక తిరుగుబాటు తర్వాత పరిస్థితులు కూడా బాగాలేవు, తెలియని విదేశీయుడి నుంచి వచ్చే ఆరాలు వాళ్లకు ఇబ్బంది తెచ్చిపెట్టొచ్చు. అయినా ఫొటోలోని పిల్లలు బతికుంటే డెబ్బై దాటి ఉంటారు, ఆలస్యం చేసేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుందన్నదీ నిజమే. ఇది మీరూ మీ తమ్ముడూ కూర్చుని తేల్చుకోవాలి. వెతకడం మొదలుపెడితే దొరికిన మనిషికి ఏం చెబుతారో ముందే ఆలోచించుకోండి. వాళ్లకూ ఒక కథ ఉంటుంది. అందులో మీ తాతయ్య 1964లో ఓడెక్కి వెళ్లిపోయి మళ్లీ రాని మనిషి. సంతోషిస్తారో, తలుపు వేసేస్తారో చెప్పలేం.

ఆస్తి గురించి మీ తమ్ముడి భయాన్ని కొట్టిపారేయకండి. వారసత్వం లెక్క పెళ్లి ఎప్పుడు జరిగింది, ఆయన ఎప్పుడు పోయారు, వీలునామా ఉందా, భూమి ఎవరి పేరు మీద ఎలా మారింది అన్నవాటి మీద ఆధారపడుతుంది. దస్తావేజు కాపీ చేతికి వచ్చాక ఇద్దరూ కలిసి ఒక సివిల్ లాయరును కలవండి. ఆ మాట తేలకుండా వెతుకులాట మొదలుపెడితే రేపు అవతలివాళ్లు ప్రేమగా రాసిన ఉత్తరం కూడా మీ తమ్ముడికి నోటీసులా కనిపిస్తుంది.

ఒకవేళ ఎవరైనా దొరికితే మొదటి ఉత్తరం చిన్నగా రాయండి. మీరెవరో, తాతయ్య పేరు, ఆయన 1971లో పోయారన్న సంగతి, ఫొటో వెనక ఏం రాసి ఉందో. మీకు ఏమీ అక్కర్లేదని, జవాబు ఇవ్వకపోయినా ఏమీ అనుకోరని రాయండి. మీ మేనత్త వాళ్ల గురించి అడిగారని కూడా రాయండి.